పడవ అడుగున పాచి, పాచి మీద ప్యాచి

మేరీల్యాండ్‌లో పనిచేసేటప్పుడు మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు. మెయిన్‌ఫ్రేముల కాలం నుంచీ కోడు రాస్తున్న మనిషి. ఒక ఏప్రిల్ నెలలో శుక్రవారం సాయంత్రం నా సీటు దగ్గరకొచ్చి, "రేపు ఖాళీయేనా? పడవ పనుంది, పిజ్జా నాది" అన్నాడు. పడవ అనగానే షికారు కాబోలనుకుని, కెమెరా కూడా సర్దుకుని బయల్దేరా. తీరా వెళ్ళి చూస్తే పడవ నీళ్ళలో లేదు. గట్టు మీద, ఇనప స్టాండ్ల మధ్య నిలబెట్టి ఉంది. నా చేతికి ఒక ముక్కుగుడ్డ, కళ్ళద్దాలు, తెల్లటి కాగితంలాంటి పైజమా చొక్కా, ఒక సాండింగ్ మిషనూ ఇచ్చాడు. షికారు సంగతి అప్పుడర్థమైంది :)

చీసపీక్ బే ఒడ్డున ఇదొక ఏటేటా జరిగే తంతు. చలికాలం ముందు షికారు పడవల్ని క్రేనుతో ఎత్తి గట్టు మీద పెడతారు. వసంతంలో అడుగుభాగం గీకి, కొత్త రంగు వేసి, ఇంజను చూసుకుని మళ్ళీ నీళ్ళలోకి దింపుతారు. అనాపొలిస్‌లో అయితే మార్చి 20 ప్రాంతంలో, వసంతం మొదలవ్వగానే, పడవల వాళ్ళందరూ పోగై చలికాలమంతా తొడుక్కున్న మేజోళ్ళని మంటలో వేసి కాలుస్తారు. మన భోగిమంటలకి చుట్టాలన్నమాట. అక్కణ్ణించి మళ్ళీ చలి ముదిరేదాకా పడవ మనిషి మేజోళ్ళు వేసుకోడు.

సరే, ఆ రోజు మూడు గంటలపాటు పడవ అడుగున పాత రంగు గీకాం. నీలం రంగు పొడి కింద పరిచిన టార్పాలిన్ మీద మేటలు వేసింది. పిజ్జా రావడానికి ఇంకా టైముంది కదా అని, నా అంతట నేనే ఓ మంచి పని చేద్దామనుకుని, పక్కనున్న నీళ్ళ పైపు తీసి టార్పాలిన్‌ని కడగడం మొదలెట్టా. నీలం నీళ్ళు గడ్డిలోంచి వాలుగా కాలవ వైపు పారుతున్నాయి. పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చి కుళాయి కట్టేశాడు. ఆయన గట్టిగా మాట్లాడ్డం ఆఫీసులో ఎప్పుడూ వినలేదు నేను. "అది రంగు కాదయ్యా, విషం. విషం కాబట్టే పడవకి పూస్తున్నాం" అన్నాడు.

డబ్బా మీద అప్పుడు చదివా. అందులో దాదాపు సగం రాగి ఆక్సైడు. అందుకే అంత బరువు, అందుకే అంత ధర. ఆ నీలం నీళ్ళు ఎక్కడికి పోతాయని నేను ఆలోచించలేదు. కడిగితే శుభ్రమైపోయినట్టే అనుకున్నా. ఆ రాత్రి మొదలెట్టి చాన్నాళ్ళు దీని చరిత్ర చదివాను. చదివాక తేలిందేమిటంటే, నాకు ఆ పూట ఆలోచన రాకపోవడం కొత్తేం కాదు, రెండున్నర శతాబ్దాలుగా పెద్దపెద్దవాళ్ళకే రాలేదు. "పడవ శుభ్రమైంది, మరి మురికి ఎటు పోయింది?" అన్న ప్రశ్న అడగడానికి మనిషికి అంతకాలం పట్టింది.

ఇంతకీ పడవకి పట్టేదేమిటి?

సముద్రంలో ఏ వస్తువు పెట్టినా గంటల్లో దాని మీద బ్యాక్టీరియా జిగురు పొర కడుతుంది. దాని మీద పాచి, పాచి తర్వాత గుల్లల జీవులు. వీటిలో పేరుమోసింది బార్నకిల్. పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ తిరిగి, నచ్చిన చోటు దొరకగానే తలని జిగురుతో అంటించేసుకుంటుంది. చుట్టూ సున్నపు గూడు కట్టుకుని, ఇక జీవితాంతం తలకిందులుగా ఉండి కాళ్ళతో తిండి నోట్లోకి తోసుకుంటుంది. చార్లెస్ డార్విన్ తన ప్రసిద్ధ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు వీటినే చదివాడు.

ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు. పడవ అడుగు గరుకైతే నీళ్ళు వెనక్కి లాగుతాయి. అమెరికా నౌకాదళ అకాడమీకి చెందిన మైకేల్ షుల్ట్జ్ 2007లో ఒక యుద్ధనౌక ఆకృతికి లెక్క కట్టాడు. గుల్లలు దట్టంగా పడితే అదే వేగంతో పోవడానికి 86 శాతం దాకా ఎక్కువ శక్తి కావాలని తేలింది. అంటే దాదాపు రెట్టింపు.

చెక్క ఓడల రోజుల్లో ఇంకో శత్రువు కూడా ఉండేది, టెరెడో. పేరుకి ఓడపురుగు, నిజానికి అదీ ఒక రకం ఆల్చిప్పే. చెక్కని లోపల్నుంచి తొలిచేస్తుంది, పైకి ఏమీ కనపడదు. కొలంబస్ నాలుగో యాత్రలో మిగిలిన రెండు ఓడలూ ఇలాగే జల్లెడైపోతే 1503లో జమైకా ఒడ్డుకి ఎక్కించేసి, దాదాపు ఏడాదిపాటు అక్కడే కూర్చున్నాడు.

అప్పటి వైద్యం ఏమిటంటే, పోటు సమయంలో ఓడని ఒడ్డుకి తెచ్చి, ఆటు వచ్చాక ఒక పక్కకి ఒరగేసి, కింద మంటపెట్టి పాచి కాల్చి, గీకి, తారు, గంధకం, పశువుల కొవ్వు కలిపి పూయడం. తర్వాత రెండో పక్క. కొన్ని నెలలకి మళ్ళీ మొదలు. పెద్ద ఓడలైతే డాకులోకి ఎక్కించాలి. అలాంటి డాకు ఒకటి మన దగ్గరే ఉండేది తెలుసా? యానాం పక్కన కోరంగి. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తాకీ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడల్ని మరమ్మతుకి ఎక్కించగలిగిన చోటు అదొక్కటే. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. ఆ పైన గోదావరి మేట వేసి దారి పూడ్చేసింది. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులే గుర్తొస్తాయి.

మొదటి ప్యాచి: రాగి రేకు

బ్రిటిష్ నౌకాదళం 1670ల్లో ఓడల అడుగుకి సీసం రేకులు కొట్టి చూసింది. సీసం పక్కనున్న చుక్కాని ఇనుము తినేసుకుపోయింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, వదిలేశారు. 1761లో 'అలారం' అనే 32 ఫిరంగుల ఓడకి రాగి రేకులు కొట్టి వెస్టిండీస్‌కి పంపారు. రెండేళ్ళకి తిరిగొచ్చింది. పాచి లేదు, పురుగు లేదు. అందరూ సంతోషించే లోపల రేకులు ఊడదీసి చూస్తే, ఓడని పట్టి ఉంచే ఇనప మేకులు చాలాచోట్ల చివికి ముద్దయిపోయాయి. విచిత్రమేమిటంటే కొన్ని మేకులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని పనివాళ్ళు పూర్తిగా తియ్యకుండానే కొట్టేశారట. కాగితం అడ్డుపడ్డ చోట ఇనుము బతికింది.

ఇది ఏ డీబగ్గింగ్ కథకీ తీసిపోదని నా అభిప్రాయం. పనివాడి బద్ధకం వల్ల ఒక కంట్రోల్ ఎక్స్‌పెరిమెంట్ దానంతటదే జరిగిపోయింది. రెండు వేరు లోహాలు ఉప్పునీళ్ళలో ఒకదాన్నొకటి తాకితే ఒకటి కరిగిపోతుంది. వోల్టా బ్యాటరీ 1800లో వచ్చింది. అంటే బ్యాటరీ కనిపెట్టడానికి నలభై ఏళ్ళ ముందే బ్రిటన్ ఓడంత బ్యాటరీ ఒకటి తయారుచేసి సముద్రంలో తిప్పిందన్నమాట!

సమస్య తెలిసింది. కానీ 1778లో ఫ్రాన్సు కూడా అమెరికా యుద్ధంలోకి దిగింది. బ్రిటన్‌కి ఓడలు చాలవు. ఉన్నవాటిని డాకులో కూర్చోబెట్టకుండా తిప్పాలి. నౌకాదళ కంట్రోలర్ చార్లెస్ మిడిల్టన్ 1779లో రాజుని కూడా ఒప్పించి మొత్తం నౌకాదళానికి రాగి కొట్టించడం మొదలెట్టాడు. మరి ఇనప బోల్టుల సంగతి? రాగికీ ఇనుముకీ మధ్య తారు పూసిన మందపాటి కాగితం వేద్దాం, సరిపోతుందన్నారు. అలారం ఓడలో పొరపాటున మిగిలిపోయిన కాగితాన్ని ఇప్పుడు డిజైన్ చేసేశారు. డెడ్‌లైను నెత్తి మీదున్నప్పుడు తెలిసిన బగ్‌తోనే రిలీజ్ చెయ్యడం మనం కనిపెట్టిన విద్య కాదు.

లాభం మాత్రం వెంటనే కనపడింది. 1782 ఏప్రిల్‌లో సెయింట్స్ యుద్ధంలో రాడ్నీ ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించడంలో రాగి అడుగుల వేగం ఒక ముఖ్య కారణం అంటారు. నష్టం నెమ్మదిగా వచ్చింది. సముద్రంలో కాగితం ఎంతకాలం నిలుస్తుంది? బోల్టులు కుళ్ళడం మొదలైంది. చివరికి రాగి మిశ్రమంతో గట్టి బోల్టులు చెయ్యడం నేర్చుకున్నాక, 1780ల మధ్య నుంచి ఓడలన్నిటికీ ఇనుము పీకి అవి బిగించారు. వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపం పారిస్ గని రాగి యజమాని థామస్ విలియమ్స్ దీంతో కోటీశ్వరుడయ్యాడు. ఆ గని దగ్గర కొండంతా తవ్వి పోసిన ఎర్ర మట్టి, పుల్లటి నీళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రాగిని ముందుగా అందిపుచ్చుకున్న వర్తకుల్లో ఆఫ్రికా నుంచి బానిసల్ని తరలించే లివర్‌పూల్ ఓడలవాళ్ళు కూడా ఉన్నారు. వెచ్చటి నీళ్ళలో పురుగు బెడద ఎక్కువ కదా. టెక్నాలజీకి తన మీద ఎవరు ప్రయాణం చేస్తున్నారన్నది పట్టదు.

రెండో ప్యాచి: సర్ హంఫ్రీ డేవీ

రాగి కూడా కరిగిపోతోంది, నాలుగైదేళ్ళకి మార్చాల్సి వస్తోంది, ఖర్చెక్కువ. 1823లో నౌకాదళం రాయల్ సొసైటీని అడిగింది. అప్పుడు దాని అధ్యక్షుడు హంఫ్రీ డేవీ, గనుల దీపం కనిపెట్టి జగమంతా పేరు తెచ్చుకున్నవాడు. పక్కన సహాయకుడిగా ఫారడే. డేవీ కొన్నాళ్ళలోనే జవాబు పట్టేశాడు. రాగికి చిన్న జింకు ముక్కో ఇనప ముక్కో తగిలించండి, అది కరుగుతుంది, రాగి కరగదు అన్నాడు. 1824లో దీన్ని ఓడల మీద పెట్టి చూశారు. వాటిలో ఒకటి 'సమరాంగ్', కొచ్చిన్‌లో కట్టిన టేకు ఓడ.

సిద్ధాంతం అక్షరాలా పనిచేసింది. రాగి చెక్కు చెదరలేదు. కానీ ఇలా రక్షణ పెట్టిన ఓడలు కొన్ని ఒంటినిండా పాచీ గుల్లలూ వేసుకుని తిరిగొచ్చాయి! ఎందుకంటే ఇన్నాళ్ళూ పాచిని ఆపింది రాగి రేకు కాదు, రేకు నుంచి కరిగి నీళ్ళలోకి పోతున్న రాగి. అది జీవులకి విషం. కరగడం ఆపితే విషమూ ఆగింది. 1825లో నౌకాదళం ఆ రక్షణ ముక్కలు పీకించేసింది. డేవీ మీద పత్రికలు వేళాకోళాలు చేశాయి. ఆయన ఆరోగ్యం తర్వాత కోలుకోలేదు, 1829లో పోయాడు.

మనవాళ్ళు ఎవరో ఒక మెమరీ లీకు సరిచేస్తే, ఆ లీకు మీద ఆధారపడి నడుస్తున్న ఇంకో మాడ్యూలు కూలిపోయినట్టుంది కదూ? రాగి కరగడం బగ్ అనుకున్నారు, అసలు ఫీచరే అది.

అయితే డేవీ ఓడిపోలేదని నేనంటా. నేను కుళాయి ఉదంతం తర్వాత తలదించుకుని నిలబడితే పెద్దాయన నాకిచ్చిన రెండో పని ఏమిటో తెలుసా? ప్రొపెల్లర్ కడ్డీకి బిగించిన జింకు ముక్క మార్చడం. పాతది సగం తినేసుకుపోయి, చీమలు తిన్న బెల్లంముక్కలా ఉంది. అది కరిగింది కాబట్టి ప్రొపెల్లర్ బాగుంది. భూమిలో పాతిన గ్యాసు పైపులకీ, స్టీలు ఓడలకీ అన్నిటికీ ఇదే సూత్రం. ఆయన లెక్కలో తప్పు లేదు, ఆయన్ని అడిగిన ప్రశ్నే సగం.

కానీ ఇక్కడొక మాట గమనించాలి. "నీళ్ళలోకి విషం కారుతోంది, అదే పనిచేస్తోంది" అని 1825కే తెలిసిపోయింది. ఆ విషం నీళ్ళలో ఉన్న మిగతా జీవుల్ని ఏం చేస్తోందని ఎవరూ అడగలేదు. సముద్రం పెద్దది, అంతే.

మూడో ప్యాచి: టీబీటీ

ఇనప ఓడలొచ్చాక రాగి రేకు కొట్టడం కుదర్లేదు, ఇనుమే కరిగిపోతుంది కదా. అందుకని విషాన్ని రంగులో కలిపి పూయడం మొదలైంది. రాగి, పాదరసం, ఆర్సెనిక్, ఏది దొరికితే అది. 1950ల్లో నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ కెర్క్ బృందం తగరంతో చేసిన కర్బన సమ్మేళనాలు చిన్న జీవుల్ని గొప్పగా చంపుతాయని కనిపెట్టింది. వాటిలో ఒకటే ట్రైబ్యుటైల్‌టిన్, పొట్టిగా టీబీటీ. 1960ల్లో రంగుల్లోకి వచ్చింది. 1970ల్లో ఇంకా తెలివైన రకం వచ్చింది. పడవ కదిలే కొద్దీ పై పొర సబ్బులా అరిగి, ఎప్పటికప్పుడు కొత్త విషం బయటపెట్టే రంగు. ఓడలు ఐదేళ్ళ దాకా డాకు మొహం చూడక్కర్లేదు. ఇంధనం ఆదా, డబ్బు ఆదా. షికారు పడవలవాళ్ళూ ఎగబడి పూసుకున్నారు.

ఫ్రాన్సు నైరుతి తీరంలో అర్కషాన్ అనే ఒక అఖాతం ఉంది. ఆయిస్టర్ల పెంపకానికి పేరుపడ్డ చోటు. పడవ షికార్లకీ అంతే పేరు. 1977 నుంచి అక్కడ ఆయిస్టర్ పిల్లలు నిలవడం మానేశాయి. పెద్దవాటి గుల్లలు మందంగా, పొరలు పొరలుగా ఉబ్బి, లోపల మాంసం పిసరంత మిగిలింది. వరసగా నాలుగైదేళ్ళు ఇదే తీరు. రైతులు దివాళా తీశారు. క్లాద్ అల్జ్యూ అనే ప్రభుత్వ పరిశోధకుడు, ఆయన సహచరులు వెతికి వెతికి దోషిని పట్టుకున్నారు. పక్కన అందంగా కట్టేసి ఉన్న షికారు పడవల అడుగు రంగు.

ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఇంకా వింత. ఆడ సముద్రపు నత్తలకి మగ అంగాలు మొలుస్తున్నాయని 1970లోనే ఒకాయన గమనించాడు. కారణం టీబీటీ అని 1980ల్లో తేలింది. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతు, అంటే ఒక్క నానోగ్రాము చాలు ఆ పని జరగడానికి. సముద్రం పెద్దదే, కానీ ఆ పెద్దతనం ఈ లెక్క ముందు పనికి రాలేదు.

ఫ్రాన్సు 1982లో 25 మీటర్ల కంటే చిన్న పడవలకి టీబీటీ నిషేధించింది. కొద్ది కాలంలోనే అర్కషాన్‌లో ఆయిస్టర్ పిల్లలు మళ్ళీ కనపడ్డాయి. బ్రిటన్ 1987లో, అమెరికా 1988లో అదే దారి పట్టాయి. ప్రపంచంలోని ఓడలన్నిటికీ నిషేధం కోసం ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరు 17న అమల్లోకొచ్చింది. ఫ్రాన్సు నిషేధానికీ ప్రపంచ నిషేధానికీ మధ్య 26 ఏళ్ళు!

ఇక్కడ నాకు తట్టిందిది. అర్కషాన్‌లో అంత త్వరగా చర్య ఎందుకు తీసుకున్నారు? నష్టపోయినవాళ్ళకి నోరుంది, ఓటుంది, వాళ్ళ సరుకు పారిస్ హోటళ్ళకి పోతుంది. నత్తలకి అవేవీ లేవు. బగ్ అన్నది ఎప్పట్నుంచో ఉంటుంది, కంప్లైంట్ చెయ్యగలిగిన కస్టమర్‌కి తగిలినప్పుడే దానికి టికెట్ నంబరు వస్తుంది.

మళ్ళీ మొదటికి

టీబీటీ పోయాక ఏమొచ్చింది? మళ్ళీ రాగే. నేను గీకిన నీలం పొడి అదే. శాన్ డియేగోలో షెల్టర్ ఐలాండ్ అని ఒక పడవల రేవుంది, రెండు వేలకి పైగా షికారు పడవలు కట్టేసి ఉంటాయి. ఆ నీళ్ళలో కరిగిన రాగిలో అత్యధిక భాగం ఆ పడవల రంగు నుంచే వస్తోందని లెక్క తేలింది. దాన్ని 76 శాతం తగ్గించాలని 2005లో ఆదేశం పెట్టారు. అక్కడ రాగి రంగు ఊరికే కారడమే కాదు, మునిగి అడుగు తోమేవాళ్ళు గట్టిగా తోమినా కొంత ఊడి నీళ్ళలో కలుస్తుంది.

అయితే అసలు విషమే వద్దు, పాచి పట్టనీ అనొచ్చా? అదీ కుదరదు. ఇంధనం సంగతి ఇందాకే చెప్పా. దానికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది, అది తెలిసినప్పుడు నాకు గుండె ఒకసారి ఆగింది.

మాది విశాఖ. చిన్నప్పుడు ఎవరైనా చుట్టాలొస్తే హార్బరు చూపించడానికి తీసుకెళ్ళేవాళ్ళం. గోడలకి, దుంగలకి గుత్తులు గుత్తులుగా పట్టి ఉండే చిన్న నల్లటి గుల్లలు చూసి అవి ఎప్పట్నుంచో అక్కడివే అనుకునేవాణ్ణి. మైటిలాప్సిస్ సల్లీ అని ఒక ఆల్చిప్ప ఉంది, నల్లచారల ఆల్చిప్ప అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండంలోని కరీబియన్ వైపు తీరాలు. భారతదేశంలో ఇది మొట్టమొదట కనపడింది 1967లో, మా విశాఖ హార్బరులో. ఏదో ఓడ అడుగున అంటుకుని వచ్చి ఉంటుంది. తర్వాత ముంబై రేవులోనూ కనపడింది. విశాఖలో స్థిరపడిపోయింది. నేను చిన్నప్పుడు చూసినవాటిలో ఎన్ని స్థానికమో, ఎన్ని వలసవచ్చినవో!

ఇదే ఆల్చిప్ప 1999 మార్చి చివర్లో ఆస్ట్రేలియాలో డార్విన్ నగరపు షికారు పడవల రేవులో దొరికింది. విదేశాలు తిరిగొచ్చిన ఏదో షికారు పడవ తెచ్చిందని అంచనా. కొన్ని నెలల్లోనే చదరపు మీటరుకి 20 వేలకు పైగా. అక్కడ ఆటుపోట్లు ఎక్కువ కాబట్టి రేవులకి తలుపులుంటాయి, అదొక అదృష్టం. వెంటనే మూడు రేవుల తలుపులూ మూసేశారు. టన్నుల కొద్దీ బ్లీచింగ్ ద్రావణం, మైలుతుత్తం నీళ్ళలో పోశారు. లోపలున్న సమస్త జీవులూ చచ్చాయి, ఆల్చిప్పతో సహా. అక్కణ్ణించి వెళ్ళిపోయిన పడవల్ని తీరమంతా వెతికి పట్టుకుని పరీక్షించారు. కొన్ని వారాల్లో పని పూర్తి. ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పైనే. సముద్రంలో అడుగుపెట్టిన పరాయి జీవిని పూర్తిగా తుడిచిపెట్టిన సందర్భాలు ప్రపంచంలో చాలా తక్కువ, ఇది ఒకటి.

డార్విన్‌లో పట్టిన వారాలు, విశాఖలో గడిచిన దశాబ్దాలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. పూర్తిగా పోల్చలేం, నిజమే. విశాఖ హార్బరుకి తలుపులు లేవు, 1967లో ఇలాంటి జీవుల మీద ఇంత అవగాహనా లేదు. కానీ తొందరగా చూసి, తొందరగా ఒప్పుకుంటే ఏం చెయ్యొచ్చో డార్విన్ చూపించింది.

ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ళకి జీబ్రా మసెల్ సంగతి తెలిసే ఉంటుంది. 1988లో మిషిగన్ పక్క సెయింట్ క్లెయిర్ సరస్సులో కనపడింది. పెద్ద ఓడల బ్యాలస్ట్ నీళ్ళలో వచ్చిందంటారు. కానీ లోపలి చెరువులకి చేర్చింది మాత్రం కారు వెనక ట్రెయిలర్ మీద పడవ కట్టుకుని వారానికో చెరువు తిరిగే మామూలు మనుషులే. అందుకే మిన్నెసోటా లాంటి చోట్ల ప్రతి పడవ రేవు దగ్గరా బోర్డు ఉంటుంది. కడుగు, నీళ్ళు వంచెయ్, ఆరబెట్టు. అంతే.

ఇన్ని వందల ఏళ్ళ రసాయనశాస్త్రం తర్వాత వచ్చిన మంచి సలహా మా అమ్మమ్మ బిందెకి చేసినట్టే ఉంది!

చివరగా నా అభిప్రాయం

పాచి పట్టించుకుంటే పరాయి జీవులు ఊళ్ళు తిరుగుతాయి. విషం పూస్తే ఊళ్ళో జీవులు పోతాయి. మొత్తంగా మంచి పరిష్కారం అనేది ఇప్పటికి లేదు, జారుడు సిలికాన్ పూతల్లాంటి ప్రయత్నాలు జరుగుతున్నాయి. నేను చెప్పేది ఇంకోటి. సీసం నుంచి టీబీటీ దాకా ప్రతి ప్యాచీ పడవ వరకూ చక్కగా టెస్ట్ అయింది. పడవ బయట ఉన్న నీళ్ళు ఎవరి టెస్ట్ ప్లానులోనూ లేవు. మనం రాసే కోడూ ఇంతే. మన మాడ్యూలు గ్రీన్‌గా ఉంటే చాలు, చెత్త అంతా పక్క టీము క్యూలోకి పోతున్నా మనకి కనపడదు. డేవీ అంతటివాడికే కనపడలేదంటే మనమెంత. కాబట్టి ఏదైనా "శుభ్రం చేశాం" అనుకున్నప్పుడు ఒక్క ప్రశ్న అలవాటు చేసుకుంటే చాలు, తీసిన మురికి ఎటు పోయింది?

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు 61 రోజులు ఒడ్డునే ఉంటాయి. విశాఖ ఫిషింగ్ హార్బరులోనూ, కాకినాడలోనూ బోట్లని గట్టెక్కించి గీకి రంగులేసే కాలం కూడా అదే. అక్కడ గీకేవాళ్ళకి ముక్కుగుడ్డ ఉంటుందా, కింద టార్పాలిన్ ఉంటుందా అన్నది ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పనిగట్టుకుని చూడాలనుకుంటున్నా. షికారు చేసుకునేవాడికి చట్టం టార్పాలిన్ కొనిపిస్తుంది. బతుకుతెరువు చేసుకునేవాడికి ఎవరు కొనిపెడతారు?

అన్నట్టు ఆ రోజు పెద్దాయన కోపం ఎంతోసేపు నిలవలేదు. మిగిలిన పొడిని ఇద్దరం వ్యాక్యూమ్‌తో లాగి, డబ్బాలో మూతపెట్టి, ఊరి విషవ్యర్థాల సేకరణ కేంద్రానికి ఆయన కారులోనే పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాం. నేను గడ్డిలోకి వదిలిన నీళ్ళు మాత్రం వెనక్కి రాలేదు. పిజ్జా చల్లారిపోయింది. మే నెలలో షికారుకీ తీసుకెళ్ళాడు లెండి, కెమెరా అప్పుడు పనికొచ్చింది.